తలుపు లేని కోట

బంద్ రోజున కోరుట్లలో ఒక్క గేమ్ సెంటర్ షట్టర్ మాత్రం సగం లేచి ఉంది. ప్రత్యేక తెలంగాణ కోసం వేసిన దీక్షా టెంటులో నినాదాలిచ్చే మొగిలయ్య దాన్ని మూయించడానికి వచ్చాడు.

లోపల అన్న కొడుకు రంజిత్ కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

“ఏందిరా, ఎవరన్న పోయిండ్రా?”

“నేనాడే గేముల కంపెనీవోళ్లు కొత్త రాజ్యం ఇచ్చిండ్రు చిన్నబాపూ. ఏడాది సంది ఆడేటోళ్లందరం అడిగి ఎదురుచూస్తే ఆగమాగం చేసి మొఖాన కొట్టిండ్రు. కోటకు తలుపు లేదు. బాయిల నీళ్లు లెవ్వు.”

మొగిలయ్య వంగి చూశాడు. తెర మీద రాజు నడుము దాకా నేలలో కూరుకుపోయి, నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపుతున్నాడు.

“మీరు ఏమని అడిగిండ్రురా?”

“కొత్త రాజ్యం కావాలె అన్నం. గంతే.”

టెంటులో తామూ ‘రాష్ట్రం కావాలె’ అని మాత్రమే అడుగుతున్నామని మొగిలయ్యకు తట్టింది. షట్టర్ సంగతి మరిచి టెంటుకు పరుగెత్తాడు. మైకు లాక్కున్నాడు.

“జై తెలంగాణ!”

“జై తెలంగాణ!”

“బాయిలల్ల నీళ్లతోని ఇయ్యాలె!”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగితే పోయేదేముందని అరిచారు.

“ఇయ్యాలె!”

“కోటకు తలుపు పెట్టి ఇయ్యాలె!”

“ఇయ్యాలె!”

“రాజును నేల మీద నిలవెట్టి ఇయ్యాలె!”

జనం ఇంకా గట్టిగా అరిచారు. ముందు వరుసలో కూర్చున్న నాయకులు మాత్రం ఈసారి నోరు విప్పలేదు.