అద్దుడు కాగితాలు

"అమ్మా, ఆ అద్దుడు కాగితాలు పారేస్తారా?"

గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ పెద్దాయన.

ఆమె తలెత్తలేదు. చేతిలో సన్నటి చాకు, దాని మొన మీద అరవయ్యేళ్ల నాటి ఉత్తరం అంచు. ఆ రికార్డాఫీసులో చిరిగినవీ తడిసినవీ బాగుచేసే మనిషి ఆమె ఒక్కతే. అందరూ కాగితాల డాక్టరమ్మ అంటారు.

"పారేస్తాం. ఏం?"

"నాకిస్తారా?"

"దేనికండీ?"

"ఊరికేనమ్మా."

ఊరికే ఎవరైనా చెత్త అడుగుతారా! అయినా పోయేదేముంది, బుట్టలోవే కదా.

"తీసుకోండి తాతయ్యా."

అంతే. ఆ రోజునుంచి సాయంత్రం నాలుగయ్యేసరికి ఠంచనుగా వచ్చేవాడు. ఆఫీసంతా కలిసి 'అద్దుడు తాత' అని పేరు పెట్టేసింది.

ఆమె చేతిలో ఉన్నవి నలభై ఒక్క ఉత్తరాలు.

ఊపిరితిత్తుల ఆసుపత్రిలో మంచాన పడ్డ ఒక తల్లి తన పిల్లాడికి రాసుకున్నవి. ఉత్తరంతోపాటు జబ్బు కూడా ఇంటికి పోతుందని భయపడి, ఆసుపత్రి వాళ్లు ఒక్కటీ పోస్టు చేయలేదు. స్టోరు గది చెమ్మకు అన్నీ అతుక్కుపోయి అట్టముద్దలా తయారయ్యాయి.

రోజుకొకటి విడదీసేది. కాస్త ఆవిరి పట్టించి, మెల్లగా లేపి, తడి పీల్చే అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు ఉంచేది. తల్లి రాసింది తడికి కరిగే ఊదారంగు పెన్సిలుతో. ఎంత జాగ్రత్తపడ్డా అద్దుడు కాగితాలకు లేత ఊదా మరకలు అంటేవి. అవి బుట్టలోకి పోయేవి.

'కన్నా, ఇవాళ కిటికీ దాకా మబ్బు వచ్చింది. నీకిష్టం కదా, కాసేపు ఉండమన్నాను.'

'కన్నా, నీ చొక్కాకి గుండీ కుడుతున్నట్టు కలొచ్చింది. లేచి చూస్తే చేతిలో దారం లేదు.'

తెల్ల పరదాలోంచి వడగట్టినట్టు వెలుగు, చిరుగులు అతికించే గంజి వాసన, ఆ మాటలు. మధ్యాహ్నాలు నిద్రకీ మెలకువకీ మధ్య తేలిపోయేవి. ఆ పిల్లాడు బల్ల కింద చేరి వింటున్నట్టే ఉండేది ఆమెకు. వాడి కోసం పైకి చదివేది కూడా!

"వాణ్ణి ఎలాగైనా వెతికి పట్టుకోవాలి సార్" అంది సూపరింటెండెంటుతో.

"పేపర్లో వేయించాం కదమ్మా. ఒక్కడైనా వచ్చాడా? పేరా లేదు, ఊరా లేదు. 'కన్నా' అంటే ఎవరని? మా ఆవిడ నలభై ఏళ్లొచ్చిన మా వాణ్ణి ఇప్పటికీ అలాగే పిలుస్తుంది."

"ఆఖరి ఉత్తరంలో ఏదో ఒక ఆచూకీ ఉంటుంది సార్. చూడండి."

ఆ ఆశతోనే ఆమె నలభై ఉత్తరాలు విడదీసింది.

మధ్యలో ఒకరోజు కిటికీలోంచి చూస్తే, అద్దుడు తాత వీధి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అద్దుడు కాగితం, చేతిలో చిన్న అద్దం.

"ఈ వయసులో సోకులేంటో!" అని నవ్వుకుంది.

ఆఖరి ఉత్తరం మహా మొండిది. ఆవిరికి లొంగలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ రోజు తాత మూడుసార్లు వచ్చాడు.

"అయిందా అమ్మా?"

"కాలేదు."

"అయిందా అమ్మా?"

విసుగులో కుంచెతో తడి కాస్త ఎక్కువే పెట్టేసింది. ఉత్తరం విడివడింది. అద్దుడు కాగితం మీద బోర్లా పరిచి, బరువు పెట్టి, అరగంటకు తడి కాగితాలు మార్చింది. వెనకవైపే కనబడుతోంది కాబట్టి రాత చూడలేదు.

"ఇదే ఆఖరిదా అమ్మా?"

"అవును. తీసుకెళ్లండి, ఇంక రాకండి. ఇది ఆఫీసు తాతయ్యా, చెత్తకుండీ కాదు!"

"రానమ్మా" అన్నాడాయన. తడి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం ఉత్తరం తిరగేసి చూసింది.

పై వరుసలన్నీ ఉన్నాయి. ఆఖరి రెండు వరుసలు లేవు.

ఆ రెండు వరుసలూ కరిగి, తిరగబడి, అద్దుడు కాగితానికి ఎక్కేశాయి. ఆ కాగితాన్ని తన చేతులతోనే ఇచ్చి పంపేసింది!

అప్పుడు తట్టింది, ఆయన చేతిలో అద్దం ఎందుకో. తిరగబడ్డ అక్షరాలు అద్దంలో సరిగ్గా కనిపిస్తాయి.

"ఇన్నాళ్లూ చదువుతున్నాడు సార్!"

"ఇంకేం, పాతవి అమ్ముకునే బాపతే" అన్నాడు సూపరింటెండెంటు. "పోలీసులకు చెబుదాం."

ఆమె పరుగున రీడింగు హాలు గుమాస్తా దగ్గరికి వెళ్లింది.

"అద్దుడు తాతా? రెండు నెలల కిందట ఆ ఉత్తరాలు చూస్తానని ఫారం నింపాడండీ. యూనివర్సిటీ సిఫారసు లేదని నేనే కొట్టేశాను."

ఫారంలో చిరునామాకి ఒక లాడ్జి పేరుంది. గుమాస్తా ఫోన్ చేశాడు.

"నిన్న సాయంత్రమే ఖాళీ చేశారండీ" అంది అవతలి గొంతు. "ఎక్కడికో చెప్పలేదు. వచ్చిన పని అయిందన్నారు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు పాపం."

"ఏం పనంట?" అంది ఆమె. "ఫారంలో ఏం రాశాడు?"

"ఏమోనండీ. సిఫారసు లేకపోతే పైనే కొట్టేస్తాం, కింది గళ్లు ఎవరు చదువుతారు?"

ఆమె ఫారం లాక్కుని చూసింది.

'పరిశోధనాంశం' అన్న గడిలో, వణికే అక్షరాలతో రాసి ఉంది: "పరిశోధన ఏమీ లేదండీ, అవి మా అమ్మ నాకు రాసిన ఉత్తరాలు."