లోపలి కొలత

గాలివాన ఆ వీధిలో చాలా ఇళ్ల పైకప్పులు లేపేసింది. మర్నాటి నుంచీ వడ్రంగి ఒక్కో ఇల్లూ ఎక్కి దిగుతున్నాడు. పెంకుల కింద పరవడానికి ఎన్ని ప్లైవుడ్ షీట్లు పడతాయో ఊరికే లెక్కగట్టి చెబుతున్నాడు. దేవుడిలా వచ్చాడన్నారు అందరూ.

చివరింటి ముసలి దర్జీ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“బయట కొలుచుకో నాయనా. లోపలేముంది?”

“నేల కొలతొక్కటే చాలదు తాతా. కప్పు వాలు చూడాలి, కోతల్లో పోయే ముక్కలు కలపాలి. లోపల వాసాలు తడిసుంటే లెక్కంతా మారిపోతుంది. రేపు షీట్లు చాలకపోతే నన్నే తిట్టుకుంటావు.”

“నేనూ టేపు పట్టినవాణ్ణే. నడుము కొలవడానికి ఎవరింట్లోకీ దూరలేదు,” అన్నాడు దర్జీ. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

వడ్రంగి అప్పటికే లోపల ఉన్నాడు.

కుట్టుమిషను పక్కన ఆడవాళ్ల చెప్పులున్నాయి. దర్జీ వాటిని కాలితో మెల్లగా మిషను కిందికి తోశాడు.

“ఒక్కడివేనా ఉంటున్నావు?”

“ఒక్కణ్ణే.”

వడ్రంగి గదులన్నీ కొలిచాడు. బయట గోడ పొడవుకీ లోపలి పొడవుకీ పొంతన కుదరలేదు. మంచం పట్టేంత చోటు ఎక్కడో మాయమైంది. వెనక గది చివర చెక్క గోడ ఉంది. దాని మీద రంగు కొత్తది. వేళ్లతో తట్టాడు. డొల్లగా మోగింది.

లోపల ఎవరో దగ్గు ఆపుకోలేక దగ్గారు. ఆడగొంతు.

“ఎవర్ని దాచావురా ముసలోడా?”

“ఆ గోడ ముట్టుకున్నావంటే చంపేస్తా!”

దర్జీ చేతిలో పెద్ద కత్తెర మెరిసింది. వడ్రంగి భుజంలో దిగింది. వడ్రంగి కేక వేసి, సుత్తి తిప్పి ముసలాడి మణికట్టు మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. కత్తెర జారిపోయింది. దర్జీ కిందపడి కూడా ఊరుకోలేదు. రెండో చేత్తో అతని కాలు వాటేసుకుని పిక్క కొరికాడు. వడ్రంగి ముసలాడి ముఖం మీద ఒక్క తన్ను తన్నాడు. ఇంకోటి తన్నాడు. పళ్లు రాలాయి. పట్టు మాత్రం వదల్లేదు. సుత్తి పిడితో తల మీద మోదాక గానీ ఆ చేయి సడలలేదు.

అప్పుడు గోడ మీద పడ్డాడు వడ్రంగి. దెబ్బ దెబ్బకీ చెక్కలు పగిలాయి. భుజం నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతున్నా ఆగలేదు. విరిగిన పలకని రెండు చేతులా పీకి అవతల పారేశాడు.

చీకటి మూలలో ఒక ఆడమనిషి మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. బుగ్గ మీద పాత గాయం మచ్చ ఉంది.

వడ్రంగి సుత్తి కింద పెట్టి చేయి చాచాడు. “దా, ఇంటికెళ్దాం,” అన్నాడు మెత్తగా.

ఆమె ఆ చేతిని చూడగానే గోడకి అతుక్కుపోయి, “బాబాయ్, వీడే నా మొగుడు!” అని కెవ్వున అరిచింది.