హో అంటే ఆగాలె

ముత్యం ఆ రోజు కనకరత్నమ్మ చీర చింపింది. తీగ మీద ఆరేసిన చీరను గుంజి, మట్టిలో పడేసి, కొంగు దగ్గర నుంచి నమలడం మొదలుపెట్టింది.

"ఏయ్! ఛీ! పో!" అని ఆమె మేడ మీద నుంచి అరిచింది. కుక్క తలెత్తలేదు.

సాయంత్రం ఆమె భర్త, ఇంటి ఓనరు హరనాథబాబు కిందికి దిగి వచ్చాడు. చేతికి కట్టు ఉంది. మొన్న ముత్యం నిద్రపోతుంటే ముద్దొచ్చి వీపు నిమిరాడు. అది ఉలిక్కిపడి లేచి కరిచింది.

"కిష్టయ్యా, మంచోడివని చెబుతున్నాను. వారం రోజులు చూస్తా. కుక్క మాట వినాలి. లేదంటే దాన్నన్నా పంపించెయ్, మీరన్నా ఖాళీ చెయ్యండి."

"గా ఫికర్ మీకొద్దు బాబూ. ముప్పై ఏండ్లు ఎడ్లు తోలిన. గీ కుక్క ఓ లెక్కనా?"

కిష్టయ్య భార్య నర్సవ్వ బీడీల చాట ముందు కూర్చుని ఉంది. పిల్లలు లేరు. కిష్టయ్య పనికి పోతే పొద్దంతా ఆ గదిలో ఆమెకు తోడు ఆ తెల్ల కుక్కే. పిట్లం సంతలో కూనగా దొరికితే కొంగులో పెట్టుకుని తెచ్చుకుంది.

ఓనరు మెట్లెక్కాక నోరు విప్పింది.

"దాన్ని యాడ ఇడిచిపెడితె నన్ను గూడ ఆడనే ఇడిచిపెట్టు."

కిష్టయ్యకు వచ్చిన విద్య ఒకటే. ఎడ్లకు నేర్పే విద్య. మనిషి వెనక ఉండాలి. పగ్గం చేతిలో ఉండాలి. నోటితో చెప్పాలి. దా అంటే నడవాలి. హో అంటే ఆగాలి. కొన్నాళ్లకు పగ్గం విప్పేయాలి. పగ్గం లేకుండా మాటకు ఆగిందే ఎద్దు.

ముత్యం మెడకు పాత పగ్గం కట్టాడు. వెనక నడిచాడు.

"హో!"

ఆగలేదు. పగ్గం గుంజితే ఆగింది. మళ్లీ హో అన్నాడు. మళ్లీ ఆగలేదు.

మూడు రోజులకు గొంతు బొంగురుపోయింది. వాడకట్టంతా అరుగుల మీదికొచ్చి చూసింది.

"ఏంది కిష్టన్నా, నాగలి గడ్తవా ఏంది దానికి?" అన్నాడు పక్కింటి దేవదాస్.

"గడ్తె నీకన్న మంచిగనే దున్నుతది. నడువు."

నాలుగో రోజు అది బీడీలు చుట్టే తునికాకు మూట చింపి గదంతా పరిచింది. నర్సవ్వ వారం పని. కిష్టయ్య ఓర్చుకోలేకపోయాడు. పగ్గం మడిచి కొట్టాడు. కుక్క మూలకు పోయి, అతని ముఖం వంకే చూస్తూ వణికింది.

నర్సవ్వ గడపలో కూర్చుని చెయ్యి చాపింది. అది లేచి పోయి ఆమె ఒళ్లో తల పెట్టింది.

"సూషినవా!" అన్నాడు కిష్టయ్య. "నువ్వు ఒక్క మాటనకున్నా వస్తది. నేను పానం బోయేటట్టు మొత్తుకున్నా ఇంటలేదు. నేనంటె లెక్కలేదు దానికి."

"దానికింక సమజైతలేదయ్యా. కొట్టకు."

"సమజ్ గాక గాదు. మొండిది."

ఆ రాత్రి బువ్వ తినలేదు కిష్టయ్య. మళ్లీ కొట్టలేదు.

ఏడో రోజు పొద్దున నస్రుల్లాబాద్ రోడ్డు మీదికి తీసుకుపోయాడు. ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. రెండో పక్క కుక్క ముందు, అతను వెనక.

"హో!" అని పగ్గం కొంచెం కదిలించాడు.

ముత్యం ఆగింది.

నమ్మలేదు. మళ్లీ అలాగే పగ్గం కదిలించి అన్నాడు. ఆగింది. పదిసార్లు అన్నాడు. పదిసార్లూ ఆగింది. గుంజే పనే లేదు. కిష్టయ్య కళ్లు తుడుచుకుని ఫోను తీశాడు.

"నర్సవ్వా! ఇన్నదే! హో అంటె ఆగుతున్నది!"

"నిజంగనా?" ఫోనులో ఆమె నవ్వింది. ఈ వారంలో ఆ నవ్వు వినలేదు అతను. "జల్ది తోల్కరా. పాలువోసి బువ్వ పెడ్త దానికి."

"ఆగు. పగ్గం లేకుంట గూడ ఒక్కపారి సూస్త. బాబు ముందల సూపెట్టాలె గద."

పగ్గం విప్పాడు. వీపు మీద చిన్నగా తట్టాడు. ముత్యం ముందుకు నడిచింది. పది గజాలు, ఇరవై గజాలు. రోడ్డుకు అవతల వడ్ల మీద కప్పిన పట్టా కొస గాలికి లేస్తోంది. అది చూసి అటు మళ్లింది.

వెనక నుంచి లోడు లారీ వస్తోంది.

"హో!" అన్నాడు కిష్టయ్య.

"ముత్యం, హో! హో!"

ఆగలేదు.

కిష్టయ్య రోడ్డు మీదే కూలబడ్డాడు. దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లటి వెంట్రుకలు ఎర్రగా తడిశాయి.

"గిప్పుడే గద ఇన్నవు... గిప్పుడే గద... ఒక్కపారి ఇంటె ఏం బోయె నీది?" అని దాని ముఖం పట్టుకుని అడుగుతున్నాడు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు.

"మలుపు కాన్నుంచి హారన్ మీద చెయ్యి తియ్యలే పెద్దయ్యా, దాని చెవి గూడ కదల్లే... చెవిటి కుక్కను పగ్గమిప్పి రోడ్డు మీద ఎట్ల ఇడిసినవ్?"