నడిగూడెం సంతోషి

రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. శ్రీధర్ కారు ఆపాడు.

మిర్యాలగూడలో రైసు మిల్లు ఉన్న మనిషి. వడ్ల మీదుగా చక్రం పోనివ్వడం ఆయనకు చేతకాదు.

కాళ్ళతో వడ్లు కలియదున్నుతున్న ఒకావిడ దగ్గరికొచ్చింది.

"ఎవలింటికి పోవాలె సారూ?"

"మొన్న నదిల పడవ తిరగబడి చనిపోయింది చూడమ్మా ఒక అమ్మాయి, వాళ్ళింటికి."

ఆవిడ ముఖం మారింది.

"గట్లనకు సారూ. సంతోషి ఇల్లేదని అడుగు. ఊర్ల ఎవలైన జెప్తరు."

శ్రీధర్ తప్పయిందన్నట్టు చేతులు జోడించాడు. ఆవిడ చూపించిన సందులోకి బండి తిప్పాడు.

ఆయన కూతురు సాయిశ్రీ కోదాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకు స్నేహితురాళ్ళతో రిషికేశ్ పోయింది. అందరూ సరదా పడి గంగలో రాఫ్టింగ్‌కు దిగారు. పైన కొండల్లో వాన కురిసి, నీళ్ళు ఒక్కసారిగా ఉరికొచ్చాయి. రబ్బరు పడవ బోల్తా పడింది.

శ్రీధర్ విమానమెక్కి పోయి, అక్కడి దవాఖాన నుంచి బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాడు. పిల్ల ఇంకా తేరుకోలేదు. ఏమడిగినా చెప్పదు. కళ్ళు తెరిస్తే ఒక్కటే మాట.

"అక్క ఏది నాన్నా? నన్ను బండ మీదికి తోసిన అక్క ఏది?"

ఆ అక్కది నడిగూడెమని ఆయనకు పేపరు చూశాకే తెలిసింది. రాఫ్టింగ్‌కు వెళ్ళి యువతి మృతి అని ఓ మూలన చిన్న వార్త.

సంతోషి తండ్రి నర్సింహ వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆయన భార్య సాలమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. గోడ మీద ఫొటోలో సంతోషి నవ్వుతోంది. ఎండకు కమిలిన ముఖం, నిండైన నవ్వు.

"మీ బిడ్డ నా బిడ్డను బతికించిందమ్మా..." ఫొటో వైపే చూస్తూ అన్నాడు శ్రీధర్.

సాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిల్ల అన్నం తింటున్నదా?"

"జర తింటున్నదమ్మా."

"నిద్రల ఉలికిపడ్తదేమో. వాళ్ళమ్మను పక్కన పండుకొమ్మను."

ఇంత దుఃఖంలో ఉండి తన బిడ్డ గురించి అడుగుతోంది! శ్రీధర్ తలెత్తలేకపోయాడు.

నర్సింహ మెల్లగా అడిగాడు.

"పడవెక్కినోళ్ళు అందరు ఒడ్డుకొచ్చిండ్రా సారూ?"

"అందరొచ్చిండ్రన్నా. మీ బిడ్డ ఒక్కతే..."

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఏడుపు లేదు. మరేమున్నదో శ్రీధర్‌కు అంతుపట్టలేదు.

"అమ్మాయికి ఈత రాదేమో?"

"రాకేంది సారూ!" నర్సింహ గొంతు లేచింది. "మా సాగర్ కాల్వల నేనే నేర్పిన. నడుముకు తాడుగట్టి దింపితే, తెల్లారే తాడిప్పెయ్యమని లొల్లి. కాల్వకు అడ్డంగ ఈదుతుంటే మగపోరగాళ్ళు ఎనకబడేటోళ్ళు."

శ్రీధర్ ముఖం ఎర్రబడింది.

"అంత ఈతొచ్చిన పిల్ల పోయిందంటే తప్పెవరిది? ఆ పడవ నడిపిన గైడ్‌ది కాదా? పది మంది పానాలు చేతుల పెట్టుకున్నోడు ఎట్లుండాలె? వాడు ముందుగాల తన పానం చూసుకొని ఉంటడు."

సాలమ్మ ఏదో అనబోయింది. నర్సింహ చేత్తో ఆపాడు. ఆడపిల్ల తండ్రి, గుండెల్లో ఉన్నదంతా చెప్పుకోనీ అన్నట్టు.

"లాయరుతోని మాట్లాడినన్నా. మీరు నా పక్కన నిలబడితే చాలు. వాడు ఏడ దాక్కున్నా ఇడిచిపెట్టను."

"గైడ్ మీద కేసొద్దు సారూ."

"ఎందుకొద్దు? బంగారమసొంటి బిడ్డను మింగినోడు! మీకు కోపం రాదా?"

నర్సింహ లేచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి కానీ గొంతు మాత్రం వణకలేదు.

"ఆ పడవకు గైడ్ మా సంతోషే సారూ, ఎక్కించుకున్నోళ్ళందర్ని ఒడ్డుకు జేర్చినంకనే పోయింది."