రెండుసార్లు హారన్

రాజోలు బస్సు డ్రైవరు పెద్దిరాజు మలుపులో అచ్చియ్యమ్మ కనబడితే చాలు, రెండుసార్లు హారన్ కొట్టేవాడు. అది పలకరింపు. ఆవిడ కాలవగట్టు మీంచి "ఆయ్!" అని చెయ్యి ఊపేది.

ఆరోజు ఆవిడ రోడ్డు మధ్యలో ఉంది. పెద్దిరాజు కంగారుగా హారన్ మోగించాడు. ఆవిడ అక్కడే ఆగి, "ఆయ్! ఇంట్లో అందరూ కులాసాయేనా అండీ?" అంది.

బస్సు జానెడు దూరంలో ఆగింది.

"తప్పుకోమని కొట్టేనండీ, అమ్మా!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఇకమీదట హారన్‌తో ఎవర్నీ పలకరించనని ఒట్టు పెట్టుకున్నాడు.

మర్నాడు చప్పుడు చెయ్యకుండా మలుపు తిరుగుతుంటే, నెమ్మదించిన బస్సుకి అచ్చియ్యమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది.

"కోపమొచ్చిందా అండీ? ముందు ఆ రెండూ కొట్టండి, అప్పుడు తప్పుకుంటాను."