ఫోన్లో చూసిన హాస్టల్

పది పాసైన పిల్లలను చేర్చుకునే యూనివర్సిటీ అది. అక్కడి లైబ్రరీ, హాస్టల్ లైవ్‌లో చూపిస్తారు, ఎవరి ఇంట్లో వాళ్లు తల్లిదండ్రులతో కూర్చుని ఫోన్లో చూడమని పాతపట్నం స్కూలు టీచరు లింకు పంపింది.

"సూడమ్మా, ఎన్ని పుస్తకాలో," అంది ఝాన్సీ.

"సాల్లే. అంత దూరం నిన్నంపేసి నానుండగలనేటే?" అంది తల్లి జగ్గమ్మ.

అప్పుడే తండ్రి పొలం నుంచి వచ్చాడు. ఫోన్లో ఒక విద్యార్థి నవ్వుతూ తన గదిని, మంచాన్ని చూపిస్తున్నాడు.

"ఎవుడే ఆడు? ఎన్నాళ్ల నుంచే ఈ యవ్వారం?"

జవాబు వినకుండానే ఝాన్సీ జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. అడ్డం వెళ్లిన జగ్గమ్మను ముల్లుకర్ర విరిగేదాకా బాది, బయటికి పోయాడు.

జగ్గమ్మకు దెబ్బలు అలవాటే. ఝాన్సీ మీద చెయ్యి పడటం మాత్రం ఇదే మొదలు.

కింద పడ్డ ఫోన్లో ఆ కుర్రాడు ఇంకా మాట్లాడుతున్నాడు. "అమ్మానాన్నలకు ఏమైనా సందేహాలుంటే అడగండి."

జగ్గమ్మ కూతురి నుదుటి నెత్తురును కొంగుతో అదిమి పట్టి, మైకు నొక్కమని సైగ చేసింది.

"బాబూ, సెలవలకి ఇంటికి పంపకండా, మా పాపని అక్కడే ఉంచుకుంటారా?"