కలియా చదువు

"ఒగ్గు. ఒగ్గమంటున్నానా," అంటూ భవాని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

కలియా వినలేదు. లాస్య గౌను అంచు పళ్ళతో పట్టుకుని గేటు దగ్గరనుంచి వెనక్కి ఈడ్చుకొస్తోంది. వాకిట్లోకి వచ్చేసరికి పిల్ల చతికిలబడింది. గేటు బయట ఇసుక లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టుకుంటూ వెనక్కి తిరుగుతోంది.

అత్త గున్నమ్మ చీపురు ఎత్తింది. "హారన్ ఇనబడితే సాలు, దీనికి పిచ్చెక్కిపోద్ది. తిన్నగా పిల్ల మీదికే పోతాది. కుక్కేటి ఇది?"

ఒడిశాలోని సెమిలిగుడలో మెయిన్ రోడ్డు పక్కనే ఇల్లు. లారీలకు వేళాపాళా లేదు. తొమ్మిదో నెల వచ్చినప్పటినుంచి కలియా ఎవరి మాటా వినడం మానేసింది. చెప్పులు కొరకడం, వచ్చినవాళ్ళ మీదికి గెంతడం, ఆరేసిన చీరలు పీకడం ఒకెత్తు. హారన్ మోగితే ఎక్కడున్నా ఉరికొచ్చి లాస్య గౌను లాగడం ఒకెత్తు.

భవాని భర్త మోహన్ లారీ డ్రైవరు. అన్నం దగ్గర తేల్చి చెప్పేశాడు.

"ఆదివారం టికిరి ఊరికి లోడుతో ఎల్తాను. అక్కడి గోడౌన్లో దీన్ని ఒగ్గీసి వస్తాను. ఈలోగా మారిందా, సరే."

"మారుస్తాను," అంది భవాని.

"ఎనిమిదిలో బడి మానీసినదానివి, నువ్వు కుక్కకి బడి పెడతావా?" అంది గున్నమ్మ. "ముందు నీ కూతురికి నాలుగు ముక్కలు మాటాడ్డం నేర్పు."

"మీ అబ్బాయీ మూడేళ్ళు నిండేదాకా నోరు ఇప్పనేదని నువ్వే సెప్పేవు కదత్తా."

"మరే. ఇప్పుడు సూడు, మూస్తాడేటి?"

మోహన్ నోటినిండా అన్నంతోనే నవ్వేశాడు. భవాని నవ్వలేదు. వీధి పిల్లలు లాస్యను ఆటలో కలుపుకోరు. పొద్దస్తమానం ఆ పిల్లకు తోడు కలియాయే. అది ఎంత మొరిగినా లాస్య నిద్ర చెడదు, అంత అలవాటైపోయింది. కలియా వెళ్ళిపోతే గేటు పట్టుకుని ఒక్కతే నిలబడుతుంది.

మర్నాడే భవాని కలియాను తాడుతో పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు బిశ్వజిత్ ఒరియా కలిసిన తెలుగులో చెప్పాడు.

"మీసాలొచ్చే వయసు దీనికి. కొడితే మొండికేస్తుంది. మీదికి గెంతితే నువ్వు వీపు తిప్పెయ్. కుదురుగా కూర్చుంటే తినడానికి పెట్టు. ముందు చెయ్యి చూపిస్తూ మాట చెప్పు. అది పట్టుబడ్డాక చెయ్యి మానెయ్యాలి, మాట ఒక్కటే."

"సెయ్యి సూపిస్తే సాలదా డాక్టరు బాబూ?"

"రోడ్డు మీదికి పరిగెత్తేటప్పుడు నీ చెయ్యి చూస్తుందా? వెనకనుంచి నీ గొంతు వినబడి ఆగాలి."

ఆ మాట భవాని గుండెలో దిగింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. కొంగులో ఎండు నెత్తళ్ళ చేపలు మూట కట్టుకుంది. అరచెయ్యి కిందికి దించి "కూకో" అంది. కలియా మూట మీదికే గెంతింది. భవాని వీపు తిప్పింది. మళ్ళీ గెంతింది. మళ్ళీ తిప్పింది. చేతులు గీసుకుపోయాయి, చీర చిరిగింది, పొయ్యి మీద అన్నం మాడింది.

"ఇంకా సాలనేదా?" అంది గున్నమ్మ.

"అదే అలుస్తాది గాని నేనలవనత్తా."

లాస్యకు ఇదొక ఆటైపోయింది. కలియా పక్కన నిలబడి తల్లినే చూసేది. భవాని అరచెయ్యి దించగానే తనూ ధబ్బున కూలబడేది. అందుకు పిల్లకో గుప్పెడు మురీలు, కరకరలాడే మరమరాలు.

"కుక్క కంటే నీ కూతురికే ముందొచ్చీసింది సదువు," అని మొదటిసారి నవ్వింది గున్నమ్మ.

రెండు రోజుల్లో ఇద్దరూ ఒకేసారి కూర్చోసాగారు.

ఇక చెయ్యి మానెయ్యాలి. లాస్య పడుకున్నప్పుడు కలియాను పెరట్లో బట్టలుతికే రాయి దగ్గరికి తీసుకెళ్ళేది. చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుని "కూకో" అనేది. కలియా చెయ్యి కోసం వెతికేది, కొంగు వాసన చూసేది, దిక్కుతోచక మొరిగేది. భవాని కదలకుండా నిలబడి అదే మాట, అదే గొంతుతో చెప్పేది. శనివారానికి కలియా వినడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున్న లారీ ఇంటి ముందు ఆగి ఉంది. మోహన్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. లాస్య గేటు చువ్వలు పట్టుకుని లారీనే చూస్తోంది. ఆ పిల్ల వెనక కలియా. ఇద్దరి వీపులూ ఇంటివైపే.

భవాని గుమ్మంలో నిలబడింది. ఒక పిడికిట్లో నెత్తళ్ళు, ఒక పిడికిట్లో మురీలు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఇప్పుడు సూడత్తా," అని, "కూకో," అంది.

కలియా వెనక్కి తిరక్కుండానే చటుక్కున కూర్చుంది.

మోహన్ తాడు తీసుకెళ్ళి క్యాబిన్లోకి విసిరేశాడు. "ఉండనీలే," అంది గున్నమ్మ. "సదువుకున్న కుక్కని ఎవులు ఒగ్గుతారు?"

భవాని నెత్తళ్ళు విసిరింది. ఇంకో పిడికిలి విప్పబోయి ఆగింది. ఎప్పుడూ ముందు కూర్చునే పిల్ల నిలబడే ఉంది.

"లాస్యా, నువ్వూ కూకోవాల కదే."

పిల్ల కదలలేదు.

"లాస్యా," అని గట్టిగా పిలిచింది భవాని.

క్యాబిన్ ఎక్కబోతున్న మోహన్ ఆగి చూశాడు. ఎదురింటి వాకిట్లో ముగ్గేస్తున్న ఇల్లాలు బేబి తలెత్తింది. కలియా చెవులు రిక్కించి భవాని వైపు ఒకసారి చూసింది. లేచి వెళ్ళి లాస్య గౌను అంచు పట్టుకుని లాగింది.

అప్పుడు తిరిగి చూసింది లాస్య.